బీరువాలో బ్లాక్ బెల్టు

ప్రశ్న: మేడమ్, మాది కాకినాడ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మూడో తరగతి నుంచి కరాటే నేర్చుకుంటున్నాడు. పోయినేడాది బ్లాక్ బెల్ట్ పరీక్షలో మాస్టర్ ఫెయిల్ చేశారు. ఆపమన్నాక కూడా ఎదుటి పిల్లాడిని కొట్టాడని, ఇంకో ఆరు నెలలు ఆగమన్నారు. మావారు క్లాసుకెళ్లి నలభై మంది పిల్లల ముందు ఆయన్ని నానా మాటలూ అని, మావాణ్ని అక్కడ మానిపించి వేరే చోట చేర్చారు. వాళ్లు పన్నెండు వేలు కట్టించుకుని రెండు నెలల్లో బెల్ట్ ఇచ్చారు. వీడు దాన్ని ఒక్కరోజు కూడా కట్టుకోలేదు. మా బావగారి గృహప్రవేశానికి యూనిఫాం తీసుకెళ్లి, అందరి ముందూ నాలుగు పెంకులు పగలగొట్టి చూపించమంటే ససేమిరా అన్నాడు. మావారు అక్కడే చెంప మీద కొట్టారు. మూడు నెలలుగా తండ్రితో మాటల్లేవు. ఆ కొత్త క్లాసుకూ వెళ్లడం మానేశాడు. ఎప్పుడు చూసినా ఫోనే. ఓసారి పాత మాస్టర్ క్లాసు గేటు దాకా సైకిల్ మీద వెళ్లి, బయటే నిలబడి వచ్చేశాడని పక్కింటావిడ చెప్పింది. స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుందని ఇంత ఖర్చు పెట్టిన తండ్రి మీద కృతజ్ఞత లేదు. ఫోన్ మానిపించి, వాళ్ల నాన్నకి సారీ చెప్పించి, మళ్లీ క్లాసులో చేర్పించడం ఎలా? కౌన్సెలింగ్‌కి తీసుకురమ్మంటారా? ఆ బెల్ట్ ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: వద్దమ్మా, వాణ్ని తీసుకురావద్దు. ఫోన్ గురించి కూడా నేనేమీ చెప్పబోవడం లేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే పద్నాలుగేళ్ల వాడు ఫోన్ చూడక గోడ చూస్తాడా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఖర్చు గురించి రాశారు, బావగారింట్లో పోయిన పరువు గురించి రాశారు. గేటు దగ్గర నిలబడి వచ్చేసిన సంగతి మాత్రం పక్కింటావిడ మోసుకొచ్చిన కబురులా ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకైతే మొత్తం ఉత్తరంలో ముఖ్యమైనది ఆ ముక్కే. వాడు ఎవరి కోసం వెళ్లాడు? ఎందుకు లోపలికి వెళ్లలేకపోయాడు?

ఆరేళ్లమ్మా. మూడో తరగతి పిల్లాడు ఆయన ముందు వంగి దణ్ణం పెట్టడం నేర్చుకుని, ఎత్తు పెరిగి, గొంతు మారేదాకా ఆయన కళ్ల ముందే ఉన్నాడు. అలాంటి మనిషిని తన కన్నతండ్రి నలభై మంది పిల్లల ముందు నిలబెట్టి తిట్టాడు. అదీ తన పేరు చెప్పి, తన కోసమని. మర్నాటి నుంచి ఆ గుమ్మం ఎక్కనివ్వలేదు. వెళ్లొస్తానని చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆ గేటు బయట వాడు మోస్తున్నది వాళ్ల నాన్న చేసిన తప్పు బరువు. మీ ఇంట్లో తెగిన బంధం తండ్రీ కొడుకులదని మీరనుకుంటున్నారు. అంతకంటే ముందు తెగింది ఆ మాస్టర్‌కీ వాడికీ మధ్య ఉన్నది. దాన్ని వదిలేసి ఇటువైపు ఎంత అతికించినా అతకదు.

ఆ ఫెయిల్ సంగతి చూద్దాం. మాస్టర్ ఏమన్నారో మీరే రాశారు, దాని అర్థం మాత్రం మీవారికి పట్టలేదు. ఇలాంటి పరీక్షలో కుమితే అని ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెడతారు. పిడికిలి ఎంత జోరుగా వెళ్లినా ఎదుటివాడి మొహానికి వెంట్రుకవాసి దూరంలో ఆగాలి. 'యామే' అంటే ఆపమని. ఆ మాట చెవిన పడ్డాక చెయ్యి కదలకూడదు. కొట్టడం ఎవరికైనా వస్తుంది, సందు చివర తాగుబోతు కూడా కొడతాడు. ఒంట్లో రక్తం వేడెక్కి ఉన్నప్పుడు ఒక్క మాటకి చెయ్యి ఆగడం, అదీ వీళ్లు ఏళ్ల తరబడి నేర్పేది. అది ఇంకా రాలేదు, ఆరు నెలలు ఆగు అన్నారాయన. అందులో అవమానం ఏముంది? ఫీజు కట్టే పిల్లాడు పోతాడేమోనన్న భయం లేకుండా ఆ మాట చెప్పగలిగిన మనిషి ఈ రోజుల్లో మీకు దొరికాడు. దణ్ణం పెట్టి ఇంటికి రావాల్సింది పోయి గొడవ పెట్టుకున్నారు.

ఇంకో మాట. నల్ల బెల్ట్ అంటే చదువు అయిపోయినట్టని మీవారు అనుకుంటున్నట్టున్నారు. నల్ల బెల్ట్‌లోనూ మెట్లుంటాయి, వాటిని డాన్‌లంటారు. ఆ పద్ధతి జూడో పెట్టిన జిగోరో కానో 1883లో మొదలుపెట్టినది. జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి టోక్యో వచ్చి కరాటే నేర్పిన ఫునకోషి దాన్ని తీసుకుని 1924లో తన శిష్యులకి తొలిసారి ఇచ్చారు. నల్ల బెల్ట్‌లో మొదటి మెట్టుని షోడాన్ అంటారు. 'షో' అంటే ఆరంభం. ఓనమాలు దిద్దడం పూర్తయింది, ఇక పుస్తకం తెరువు అన్నట్టు. ఓనమాల దగ్గరే దొంగ సంతకం పెట్టించారు మీరు. స్పోర్ట్స్ కోటా అంటారా, అక్కడ అడిగేది గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లు. నడుముకి ఏ రంగు గుడ్డ కట్టాడని ఎవరూ అడగరు. ఆ ఆశ ఇక్కడితో వదిలేయండి.

మా మేనమామ కర్రసాము నేర్పేవాడు. దసరాకి ఊరేగింపులో ఆయన కర్ర తిప్పుతుంటే మేం అరుగుల మీదకెక్కి చూసేవాళ్లం. కొత్తగా వచ్చిన కుర్రాడికి మూడు నెలలు ఒట్టి గాల్లో తిప్పడమే, ఎవరి కర్రకీ తగిలించనిచ్చేవాడు కాదు. ఒకసారి మోతుబరి ఒకాయన వచ్చి, మా వాణ్ని ఈసారి ఊరేగింపులో ముందు నిలబెట్టు అన్నాడు. మామయ్య ఆ కుర్రాడి చేతిలోంచి కర్ర తీసుకుని ఆయనకే ఇచ్చి, మీరు నిలబడండి బాబుగారూ అన్నాడు. మామయ్యకి ఎకరం పొలం కూడా లేదు. అయినా ఆ మాట అనగలిగాడు. నేను మీ మాస్టర్‌గారి పక్షాన మాట్లాడుతున్నానని మీకు అనిపిస్తే, అవును, ఆ పక్షానే.

ఇప్పుడు మీ అబ్బాయి. కృతజ్ఞత లేదన్నారు. వాళ్ల క్లాసులో చివర పిల్లలందరూ కూర్చుని ఐదు నియమాలు చెబుతారు, వినే ఉంటారు. ప్రతి నియమం ముందూ 'హితోత్సు' అంటారు, అంటే ఒకటి. రెండు, మూడు ఉండవు, ఏదీ ఇంకోదానికి తక్కువ కాదని. శీలం చక్కదిద్దుకోవడంతో మొదలై, ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవడంతో ముగుస్తాయవి. ఆరేళ్లు రోజూ అవి అప్పజెప్పిన పిల్లాడు, డబ్బిచ్చి కొన్న బెల్ట్ కట్టుకుని పెదనాన్న వాకిట్లో పెంకులు పగలగొట్టనన్నాడు. అందరి ముందూ చెంపదెబ్బ తిని కూడా కట్టలేదు. చెయ్యి ఎత్తలేదు, ఎదురు మాట అన్నట్టు కూడా మీరు రాయలేదు. పరీక్షలో ఆగని చెయ్యి ఆ రోజు ఆగింది కదమ్మా! మాస్టర్ అక్కడుంటే ఆ క్షణమే పాస్ చేసేవారు. వాడితో సారీ చెప్పించమని నన్నడుగుతున్నారు. చచ్చినా చెప్పను.

మీవారి మీద నాకు కోపం లేదు. అన్నగారు ఇల్లు కట్టుకున్నారు, తమ్ముడు చూపించుకోవడానికి కొడుకు తప్ప ఏమీ లేదు, ఆ బాధ అర్థమవుతూనే ఉంది. కానీ ఆ లెక్క అన్నదమ్ములు తేల్చుకోవాలి, మధ్యలో పిల్లాడి చెంప ఎందుకు? తండ్రి కొట్టకూడదా అంటారేమో. చుట్టాల ముందు ఎదిగిన కొడుకుని కొట్టిన తండ్రి, వాడు మళ్లీ పలకాలంటే ముందు తను దిగిరావాలి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకుంటే చులకనైపోతారన్న మాట నేనొప్పుకోను.

మీ పాత్ర కూడా ఉంది. 'నాన్న అన్నానికి రమ్మంటున్నారు', 'వాడు తర్వాత తింటాడట' అని ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తూ ఉంటారు మీరు. మీరు రాయకపోయినా నాకు తెలుసు, ప్రతి ఇంట్లో జరిగేదే. రేపటి నుంచి మానేయండి. టెన్షన్ పెరుగుతుంది, పెరగనివ్వండి. పన్నెండు వేలు కట్టేటప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా, అప్పుడు మింగిన మాట ఇప్పుడు మీవారితో అనండి. రాత్రి భోజనాలయ్యాక, వాడు లేనప్పుడు, 'మనం మాస్టర్‌గారి దగ్గరికి వెళ్లాలి' అని. ఎందుకని అడిగితే ఈ ఉత్తరం చదవమని ఇవ్వండి.

వెళ్లేముందు పిల్లాణ్ని అడగాలి. వస్తానంటే ముగ్గురూ వెళ్లండి, రానంటే మీరిద్దరే వెళ్లి వచ్చి ఆ సంగతి వాడికి చెప్పండి. మాట్లాడాల్సింది మీవారు. ఎక్కువ వద్దు, 'ఆ రోజు తప్పుగా మాట్లాడాను మాస్టారూ' అంటే చాలు. మళ్లీ చేర్చుకోమని అడక్కండి, పళ్లూ స్వీట్లూ పట్టుకెళ్లకండి. వాడు తిరిగి క్లాసుకి వెళ్తాడో లేదో వాడిష్టం. వెళ్తే పాత బ్రౌన్ బెల్ట్‌తోనే వెళ్తాడు, అందులో మీరు తలదూర్చకండి. ఒకవేళ మీవారు రానే రానంటే మీరు ఒక్కరే వెళ్లండి. భర్త లేకుండా ఎలా అనుకోకండి, పిల్లాడు మీకూ కొడుకే.

బెల్ట్ ఏం చేయాలన్నారు. పారేయకండి, తిరిగిచ్చినా ఆ డబ్బు రాదు. బీరువాలోనే ఉండనివ్వండి, ఏం చేయాలో వాడికి తెలుసు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఆదివారం వద్దు, పిల్లలందరూ ఉంటారు అని రాయబోయాను. కానీ మీవారు అరిచింది నలభై మంది ముందు కదా. ఆదివారమే వెళ్లండి, పిల్లలు ఉండగానే.