కళ్ళ కింద కన్సీలర్ వేస్తే బూడిద రంగులో ఎందుకు కనిపిస్తుంది?

కన్సీలర్ అంటే నలుపు, మచ్చలు కనిపించకుండా కప్పే మేకప్. చామనఛాయ ఉన్నవాళ్ళలో చాలామందికి ఎదురయ్యే సమస్య ఇది. కళ్ళ కింది నలుపులో తరచూ నీలం, ఊదా ఛాయలు కలిసి ఉంటాయి. దాని మీద చర్మం కంటే బాగా తెల్లటి కన్సీలర్ వేస్తే అక్కడ విభూతి రాసుకున్నట్టు తేలుతుంది. ఇంకో పొర వేస్తే ఇంకా ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

ముందు కలర్ కరెక్టర్ అనే రంగు మేకప్‌ను పలుచగా అద్దండి. నీలానికి ఎదురు రంగు నారింజ కాబట్టి అది ఆ ఛాయను అణచేస్తుంది. చామనఛాయకు పీచ్ షేడ్, ఇంకా ముదురు రంగుకు నారింజ సరిపోతాయి. దాని పైన మీ రంగు కన్సీలర్, లేదా ఒక్క షేడ్ లైట్‌గా ఉన్నది. అంతకు మించి వద్దు. షేడ్‌ను దవడ దగ్గర రాసి పగటి వెలుతురులో చూసుకోండి, షాపు లైట్లను నమ్మొద్దు.

మొటిమల మచ్చలకు లైట్ షేడ్ అసలు పనికిరాదు, మచ్చను ఎత్తి చూపిస్తుంది. అచ్చంగా చర్మం రంగులో, కాస్త చిక్కగా ఉన్నది మచ్చ మీదే పెట్టి అంచులు కలపండి. ఎర్రటి మొటిమలకు ఆకుపచ్చ కరెక్టర్ వాడమంటారు గానీ, ముదురు చర్మం మీద అది పాలిపోయినట్టు కనిపించవచ్చు. నేనైతే వద్దనే అంటాను.

పొడి చర్మమైతే మాయిశ్చరైజర్ ఇంకాక లిక్విడ్ కన్సీలర్ వేయండి. జిడ్డు చర్మానికి మెరుపు లేని మ్యాట్ రకం మేలు. ఏదైనా ఉంగరం వేలితోనో తడి స్పాంజితోనో అద్దాలి, రుద్దితే లేచిపోతుంది. కన్సీలర్ పైన వేసే పౌడర్ ఎక్కువైతే ముడతల్లో చేరి గీతలు పడతాయి. కళ్ళ కింద ఉబ్బును మాత్రం కన్సీలర్ తగ్గించలేదు.