మాల్‌లో షాపు పెడుతున్న స్వాతికి

చిరంజీవి స్వాతిని మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

బైపాస్ దగ్గర కొత్త మాల్‌లో పిల్లల బట్టల షాపు తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా బోర్డు పెడుతోందంటే ఎంత సంతోషమో. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లైసెన్సుల సంగతి నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, లెక్కలో వేసుకో. అద్దె సూపర్ బిల్టప్ మీద, అంటే గోడలు, మెట్లు, వరండాల్లో మన వంతు కూడా కలిపిన కొలత మీద కడతారు కాబట్టి టేపు పట్టి లోపల అసలెంతుందో కొలుచుకో.

నా భయమంతా వేరే. మీ మామ ఊరి బయట కాంప్లెక్సులో షాపు పెట్టినప్పుడు నీకింకా ఊహ తెలియదు. కింద పెద్ద సూపర్ మార్కెట్, మొదటి అంతస్తులో మేము. ఆదివారమైతే బండి పెట్టడానికి చోటుండేది కాదు. సరుకులకొచ్చినవాళ్లు పైకెక్కి పాపకో ఫ్రాకు కొనేవాళ్లు. అదంతా మన షాపు గిరాకీయే అనుకున్నారు మీ మామ. సూపర్ మార్కెట్ ఖాళీ చేశాక గానీ అది ఎవరి గిరాకీయో తెలియలేదు. అగ్రిమెంటులో మూడేళ్ల లాకిన్ ఉంది, కదలడానికి లేదు. మెయింటెనెన్స్ రూపాయి తగ్గలేదు గానీ ఏసీ సాయంత్రం పూటే వేసేవాళ్లు. ఎస్కలేటర్ ఆపేసి ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టారు. మోకాళ్ల నొప్పులున్న అవ్వలు పైకి రావడం మానేశారు. అద్దం వైపు వేలాడదీసిన ఫ్రాకులు ఒక భుజం మీదే ఎండకు వెలిసిపోయేవి. మీ మామ రోజూ పొద్దున్నే వాటిని తిప్పి తగిలించేవారు. అప్పుడే నా గాజులు తాకట్టుకు పోయాయి. మీ అమ్మ గాజులు మాత్రం ముట్టుకోకు. ముట్టుకున్నావంటే నేను నీతో మాట్లాడను.

ఇది మన ఊరి ఖర్మ అనుకోకు. అమెరికాలో 1956లో మినెసోటాలో తెరిచిన సౌత్‌డేల్ అనే మాల్‌లో కూడా ఒకే కప్పు కింద, ఏసీలో, రెండు పెద్ద షాపుల్ని పెట్టుకుని మిగతావాటిని మధ్యలో సర్దారు. జనాన్ని తెచ్చేది పెద్ద షాపులు కాబట్టి వాళ్లకు అడుగుకు అద్దె తక్కువ, మనలాంటివాళ్లకు ఎక్కువ. ఒహాయోలో 1976లో తెరిచిన రాండల్ పార్క్ మాల్‌లో పెద్ద షాపులు ఒకటొకటే పోయి చివరికి మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో అమెజాన్ గోడౌన్ ఉంది.

అందుకే, పెద్ద షాపు వెళ్లిపోతే నా అద్దె తగ్గాలి, ఫలానా గడువులో వేరే పెద్ద షాపు రాకపోతే అడ్వాన్సు తీసుకుని ఖాళీ చేస్తాను అని రాయించుకో. లాయర్లు దీన్ని కో-టెనెన్సీ అంటారు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే, నోటి మాట నమ్మకు.

తిరుపతికి రోజూ అంతమంది యాత్రికులు వస్తారు కదత్తా అంటావు. వాళ్లు కొండెక్కి దిగి, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల కొనుక్కుని రైలెక్కేస్తారు తల్లీ. బైపాస్ దాకా ఎందుకొస్తారు? నీ గిరాకీ మన ఊరివాళ్లే, వాళ్లకేమో గాంధీ రోడ్డు అలవాటు. పండక్కి, గంగమ్మ జాతరకి వాళ్లను నీ దగ్గరికి ఏం పెట్టి రప్పిస్తావో ముందు ఆలోచించు.

అగ్రిమెంటు కాపీ తీసుకుని ఆదివారం ఇంటికి రా, పప్పుచారు చేస్తాను. రాత్రి షట్టర్ దించాక ఒక్కదానివే స్కూటీ మీద రావద్దు. మొదటి బోణీ నాది, ఇంకెవరికీ ఇవ్వకు.

మీ అత్త