ఎర్ర చుక్కలకు గేర్‌బాక్స్ దింపాలా?

ప్రశ్న: మాది పదేళ్ల ఆటోమేటిక్ కారు. పొద్దున్నే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ముందు చక్రాల మధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు మరక ఇంకా పెద్దదవుతోంది. సీలు పోయింది, గేర్‌బాక్స్ దింపాల్సిందేనని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దింపించే ముందు కూలర్ పైపులు చూపించండి. గేర్‌బాక్స్‌లో వేడెక్కిన ఆయిల్ ఒక పైపులో రేడియేటర్‌ దాకా వెళ్లి, చల్లబడి, ఇంకో పైపులో తిరిగొస్తుంది. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) వేడి పుట్టిస్తూనే ఉంటుంది, ఎదురుగాలి మాత్రం తగలదు. పలచబడ్డ ఆయిల్ ఆ పైపుల్లో గట్టిపడిపోయిన పాత రబ్బరు పక్కనుంచి దారి చూసుకుంటుంది. మీ మరక పెరగడానికి ఇదే కారణం కావచ్చు.

ముందు అది గేర్‌బాక్స్ ఆయిలేనా తేల్చుకోండి. కొన్ని కార్లలో కూలెంట్ కూడా ఎర్రగానే ఉంటుంది, కాకపోతే అది నీళ్లలో కలిసిపోతుంది, ఆయిల్ తేలుతుంది. పవర్ స్టీరింగ్‌కీ ఇదే ఎర్ర ఆయిల్ పోసే కార్లున్నాయి కాబట్టి ఆ డబ్బాలో మట్టం తగ్గిందేమో కూడా చూడాలి.

చుక్క పడ్డ చోటికి నేరుగా పైనే లీకు ఉందనుకుంటేనే లెక్క తప్పుతుంది. ఆయిల్ పైపు వెంట జారి ఎక్కడో కారుతుంది, కారు కదిలితే గాలికి వెనక్కి చిందుతుంది. సీలు మీద, పాన్ (గేర్‌బాక్స్ అడుగు పళ్లెం) గాస్కెట్ మీద నింద పడేది అందుకే. కింది కవరు విప్పి, పైపులూ జాయింట్లూ బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వాలి. తర్వాత కారును స్టాండ్ల మీద నిలిపి (ఒక్క జాకీని నమ్మి కిందకి దూరొద్దు) ఇంజన్ పదిహేను నిమిషాలు నడపాలి. తడి కనిపించిన చోట్లలో అన్నిటికన్నా పైన ఉన్నదే మూలం. చేత్తో తడిమితే కాలుతుంది, కాగితం ముక్క తాకించి చూడండి.

చాలాసార్లు కారేది ఇనప పైపుకి రబ్బరు గొట్టాన్ని నొక్కి బిగించిన క్రింపింగ్ దగ్గరే. అక్కడ క్లాంపు వేసినా, ఎపాక్సీ ముద్ద పూసినా నిలవదు, పైపు మార్చాల్సిందే. కొత్తది దొరక్కపోతే రాణిగంజ్ హోస్ షాపుల్లో పాత పైపు చూపించి క్రింప్ చేయించుకోవచ్చు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ హోస్ అనే అడగండి. కూలెంట్ గొట్టం ఇస్తే వద్దనండి, ఆయిల్‌కి దాని లోపలి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. క్లాంపుతో బిగించే రకమైతే గొట్టం పైపు మీదికి 25 మి.మీ. అయినా ఎక్కాలి, పైపు చివర ఉబ్బెత్తు అంచు ఉండాలి. కోసిన నున్నటి పైపుకి తొడిగితే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద ఊడుతుంది.

బాంజో బోల్టు (ఆయిల్ వెళ్లడానికి లోపల బోలుగా ఉండే బోల్టు) దగ్గర కారుతుంటే అదృష్టమే, వాషర్లు రెండూ కొత్తవి వేస్తే సరిపోతుంది. పాతవే వేసి గట్టిగా బిగిస్తే అల్యూమినియం మరలు పోతాయి.

కారిన ఆయిల్‌ని కొలిచి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే అంతే పోయండి. సీవీటీకి (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌కి) మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పనికిరాదు. మట్టం ఇంజన్ ఆన్‌లో చూడాలా ఆఫ్‌లోనా, ఎంత వేడి మీద అన్నది కారుని బట్టి మారుతుంది. ఎక్కువ పోస్తే నురుగొచ్చి గేర్లు జారతాయి.

ప్రశ్న: పైపు లీకవుతుండగా షెడ్డు దాకా నడపొచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: గంటకో చుక్కయితే, మట్టం సరిచూసుకుని దగ్గర్లోని షెడ్డుకి వెళ్లొచ్చు. ధారగా కారుతున్నా, డి వేశాక కారు ఆలస్యంగా కదులుతున్నా వెంటనే ఆపేయండి. ఆ తర్వాత కిలోమీటరు నడిపినా లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోవచ్చు. తాడు కట్టి లాగించొద్దు, ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. రేడియేటర్‌లో కూలెంట్ కూడా ఓసారి చూడండి, మూత మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. అందులో గులాబీ రంగు పాలలాంటి ద్రవం కనిపిస్తే లీకు బయటి పైపులో కాదు, రేడియేటర్ లోపలి కూలర్‌లో ఉన్నట్టు. అప్పుడు ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయనే వద్దు.