సర్జరీ రెసిడెన్సీ రీల్స్ చూసి మురిసిపోతున్న మా పాపకి

పాపా,

నువ్వు పంపిన లింకులన్నీ చూసినా. అమెరికా సర్జరీ రెసిడెన్సీ (డాక్టర్ చదువు అయినాక హాస్పిటల్‌లో పనిచేస్తా తీసుకునే సర్జన్ ట్రైనింగ్) ప్రోగ్రామ్‌ల ఇన్‌స్టా పేజీలు, అందరూ నవ్వుతా, కొండలెక్కుతా, ఆపరేషన్ థియేటర్ (ఓటీ) టోపీల్లో డ్యాన్సులు వేస్తా. "పెద్దమ్మా, దీనికే అప్లై చేస్తా" అని కింద రాసినావు. కర్నూలు పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేస్తా, రాత్రంతా క్యాజువాల్టీలో నిలబడినాక కూడా సర్జరీనే కావాలంటున్నావంటే నాకు నిజంగా గర్వంగా ఉంది. కానీ అక్కడ సెలెక్షన్ మీటింగుల్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఆ పేజీలు ఎట్ల చూడాలో చెప్తా, ఓపిగ్గా చదువు.

2020కి ముందు అక్కడి స్టూడెంట్లు ఫైనల్ ఇయర్‌లో వేరే ఊరి హాస్పిటల్‌కి పోయి ఒక నెల పనిచేసి మనుషుల్ని, పద్ధతుల్ని కళ్ళారా చూసుకునేవాళ్ళు, ఇంటర్వ్యూకి కూడా ఫ్లైట్ ఎక్కాల్సిందే. కోవిడ్‌తో ఆ రెండూ ఆగిపోయి ఇంటర్వ్యూలు జూమ్‌లోకి వచ్చినాయి, ఇంక తమ వార్డు ఎట్లుంటుందో చూపించుకోడానికి ప్రోగ్రామ్‌లకి వేరే దారి లేక ఆ ఏడాది చాలామంది ట్విట్టర్, ఇన్‌స్టా అకౌంట్లు తెరిచినారు. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి. చాలాచోట్ల వాటిని నడిపేది ఇద్దరు ముగ్గురు రెసిడెంట్లు, పైన ఒక ఫ్యాకల్టీ ఒక కన్నేసి ఉంచుతారు. అబద్ధాలు పెడతారని నేననను, కానీ పెళ్ళి ఆల్బమ్ చూసి కాపురం ఎట్లుందో చెప్పలేం కదా, అంతే ఇది కూడా.

రీల్స్ పక్కన పెట్టి మార్చిలో వచ్చే మ్యాచ్ పోస్ట్, అంటే ఎవరికి సీటొచ్చిందో చెప్పే పోస్ట్, తెరువు. కొత్త ఇంటర్న్‌ల, అంటే మొదటి ఏడాది రెసిడెంట్ల, ఫోటోలు, కింద పేర్లు, చదివిన కాలేజీలు ఉంటాయి. వాటిని లెక్కపెట్టి, అదే ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో ఐదో ఏడాది చీఫ్ రెసిడెంట్లు ఎంతమందో చూడు. ఇంటర్న్‌లు పన్నెండు మంది ఉండి చీఫ్‌లు ఐదుగురే ఉంటే మిగిలినవాళ్ళు ఏమైనారు? ఎక్కువమంది ప్రిలిమినరీ సీటు వాళ్ళు అయ్యుంటారు, అంటే ఒక్క ఏడాదికే తీసుకుంటారు, ఆ తర్వాత సీటు గ్యారంటీ లేదు. ఐదేళ్ళూ ఉండేది క్యాటగరికల్ సీటు. వెల్‌కమ్ పోస్ట్‌లో రెండు రకాలవాళ్ళూ ఒకే వరసలో నవ్వుతుంటారు, చాలాసార్లు తేడా రాయరు కూడా. బయటి దేశం నుంచి పోయే మన పిల్లలకి ఎక్కువగా ఎదురయ్యేది ఈ ప్రిలిమినరీ సీటే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. పోయిన నాలుగైదేళ్ళ పోస్టులు వెనక్కి లాగి చూసుకుంటూ పో, ఇండియా, పాకిస్తాన్ లాంటి చోట్ల చదివినవాళ్ళు క్యాటగరికల్‌లో ఉన్నారా, వాళ్ళే తర్వాత చీఫ్ ఫోటోలో కూడా కనిపిస్తున్నారా అని. ఆడపిల్లలు కూడా, ఇంటర్న్‌ల ఫోటోలో ఎంతమంది, చీఫ్‌ల ఫోటోలో ఎంతమంది, ఫ్యాకల్టీలో ఎంతమంది.

పేజీలో దొరకనివి వేరేచోట దొరుకుతాయి. అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ సైట్‌లో ఏ ప్రోగ్రామ్‌లో ఎంతమంది ట్రైనింగ్ అయినాక రాసే బోర్డ్ పరీక్ష పాసవుతున్నారో పెడతారు. జే-1 (ట్రైనింగ్ వీసా) వాళ్ళని తీసుకుంటారా, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) ఇప్పిస్తారా అనేది ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో చూడు, లేకుంటే కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టు. వీసా ఇవ్వని ప్రోగ్రామ్ పేజీ ఎంత అందంగా ఉంటే మాత్రం నీకేం లాభం?

జూలై నుంచి సెప్టెంబర్ లోపల చాలా ప్రోగ్రామ్‌లు ఆన్‌లైన్ ఓపెన్ హౌస్‌లు పెడతాయి, తేదీలు ఈ పేజీల్లోనే వేస్తారు, ఫాలో అవడానికి నాకు తెలిసి అన్నిటికంటే మంచి కారణం అదే. మనకు అది అర్ధరాత్రి అవుతుంది, అయినా కూర్చో. ఫ్యాకల్టీ వెళ్ళిపోయి రెసిడెంట్లు మాత్రమే ఉండే టైమ్ ఇస్తారు, అప్పుడు అడుగు. ట్రైనింగ్ పూర్తయ్యేలోపు కనీసం 850 పెద్ద కేసులు చేయాలనేది రూల్, అది అందరికీ ఉన్నదే, కాబట్టి "మొదటి రెండేళ్ళలో మీ చేతికి కత్తి ఎంత వచ్చింది?" అని అడుగు. వారానికి 80 గంటల లిమిట్ కూడా అందరికీ ఉన్నదే, "నిజంగా ఇంటికి ఎప్పుడు పోతారు?" అని అడుగు. మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారా అని కూడా. ఒకరి ముఖం ఒకరు చూసుకుని తడబడితే అది కూడా జవాబే.

రెసిడెంట్‌కి మెసేజ్ పెట్టాలంటే "సార్ ప్లీజ్ హెల్ప్ మీ, రికమెండ్ చేయండి" అని పెట్టకు, అట్లాంటివి వాళ్ళకి కుప్పలుగా వస్తాయి. నీ పేరు, కర్నూలు మెడికల్ కాలేజీ, ఒక్క స్పష్టమైన ప్రశ్న, అంతే. జవాబు రాకుంటే వదిలెయ్యి. వాళ్ళ పేజీ నీ పోస్ట్‌కి లైక్ కొట్టిందని నిన్ను ర్యాంక్ లిస్ట్‌లో, అంటే తమకి ఎవరు కావాలో ప్రోగ్రామ్ వరసగా రాసిచ్చే లిస్ట్‌లో, పైన పెడతారని కూడా అనుకోవద్దు, ఎంతమంది పిల్లల గుండెలు దాని మీద కొట్టుకుంటాయో నాకు తెలుసు.

నువ్వు వాళ్ళని చూసినట్టే వాళ్ళూ నిన్ను చూడొచ్చు. నీ అకౌంట్‌లో ఆ ఓటీ ఫోటో ఉంది చూడు, వెనక టేబుల్ మీద పేషెంట్ కాలు, గోడకి కేసుల బోర్డు. ఈరోజే తీసెయ్. ముఖం కనపడలేదు కదా అంటావేమో, బోర్డు మీద పేరు చదవొస్తోంది పాపా. ఆ మనిషి ఏ ఆదోని నుంచో, ఏ నంద్యాల నుంచో మనల్ని నమ్మి వచ్చి పడుకున్నాడు. సెలెక్షన్ సంగతి తర్వాత, ముందు అది తప్పు.

టెలిగ్రామ్‌లో, రీల్స్ కింద "మ్యాచ్ గ్యారంటీ, అబ్జర్వర్‌షిప్‌తో సీటు" అని డబ్బులడిగేవాళ్ళ జోలికి పోకు. అబ్జర్వర్‌షిప్ అంటే పక్కన నిలబడి చూడడమే. జనరల్ సర్జరీ అప్లికేషన్ పోయేది ఈరాస్ (ERAS) అనే ఆన్‌లైన్ అప్లికేషన్ సర్వీస్ ద్వారా, ఇన్‌స్టా మెసేజ్‌లో కాదు. ఇది మీ నాన్నకి కూడా చదివి వినిపించు, నీకోసం ఆయన ఎవరికైనా డబ్బు కట్టేస్తాడు.

ఇంకొకటి. నీ లిస్ట్‌లో అన్నీ పేజీలు వెలిగిపోయే ప్రోగ్రామ్‌లే ఉన్నాయి. చిన్న ఊర్లలో కమ్యూనిటీ హాస్పిటల్ ప్రోగ్రామ్‌లు కొన్ని ఉంటాయి, పేజీ పెట్టి ఏడాదిగా ముట్టుకోరు, కొన్నిటికి పేజీయే ఉండదు. వాటిల్లో మన దేశం వాళ్ళని తీసుకుని, చేత్తో పని నేర్పించి, ఐదేళ్ళు నిలబెట్టేవి ఉన్నాయి, నేను చూసినా. అవి కూడా వెతికి లిస్ట్‌లో చేర్చు. ఎక్సెల్‌లో మొదటి కాలమ్ వీసా, రెండోది క్యాటగరికల్ సీట్లు, మూడోది గత ఐదేళ్ళలో బయటి దేశాలవాళ్ళు ఎంతమంది అని పెట్టి, నింపినంత వరకు నాకు వాట్సాప్ చెయ్యి. వచ్చే ఆదివారం అనంతపురం వస్తావు కదా, మిగతాది కూర్చుని చూద్దాం.

పెద్దమ్మ