కలకు అర్థం చెప్పాలని తొందరపడకు

సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆదివారం నువ్వు ఫోన్ చేసేసరికి ఇంటినిండా చుట్టాలు, స్థిమితంగా మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

పళ్లు ఊడిపోతున్నట్టు కలలొస్తున్నాయని నీ దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన అమ్మాయికి, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ చెప్పిందంతా ఏకరువు పెట్టావు. ఆమె తలూపి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. "ఏ పుస్తకం చూస్తే అర్థాలు సరిగ్గా దొరుకుతాయి పెద్దమ్మా?" అని నన్నడిగావు. పుస్తకం మాట తర్వాత, ముందు నా నిర్వాకం విను.

గవర్నర్‌పేటలో కౌన్సెలింగ్ ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ వచ్చింది. వివరాలు మార్చే రాస్తున్నాను. వారానికి రెండు మూడుసార్లు కలలో పాము గుమ్మంలో కనిపిస్తోందట. చెబుతున్నంతసేపూ పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. నేను చదివిన చదువంతా నాలుక చివరే ఉంది కదా, పాము అనగానే అణచుకున్న కోరికల పాఠం ఎత్తుకున్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మోపిదేవి మొక్కు తీర్చలేదండీ" అంది. కడుపుతో ఉన్నప్పుడు సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకుందట. బిడ్డ దక్కలేదు. మొక్కు తీర్చాలో వద్దో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు, ఆ బిడ్డ మాటే ఎవరూ ఎత్తరు. పాము గురించి నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మాట కుర్చీలో ఉండగానే వచ్చేది.

ఆ తర్వాత ఫ్రాయిడ్‌ని మళ్లీ తీసి చదివాను. కలల మీద ఆయన పుస్తకం 1899 నవంబరులోనే బయటికొచ్చింది, అచ్చులో మాత్రం 1900 అని వేశారు. ఈ వస్తువుకి ఈ అర్థం అని చెప్పే కలల పుస్తకాల పద్ధతి తనది కాదని ఆయన మొదట్లోనే అంటాడు. కల కన్నవాడే ఒక్కో ముక్క పట్టుకుని మనసుకు తోచింది చెబుతూ పోవాలి, మనం వినాలి. తర్వాతి ముద్రణల్లో మాత్రం ఏ వస్తువు దేనికి గుర్తో చెప్పే భాగం పెరుగుతూ పోయింది. మనందరం అదే బట్టీ పట్టాం. పంచాంగంలో స్వప్న ఫలాలు చూసేవాళ్లని చూసి నవ్వుతాం గానీ, మనం చేసిందీ అదే.

ఇక పని. కల చెప్పమన్నప్పుడు ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమను. "నీళ్లు వచ్చాయి" కాదు, "నీళ్లు వస్తున్నాయి". ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాసుకో, నీ భాషలోకి మార్చకు. తర్వాత ఒక్కో వస్తువు దగ్గర ఆగు. నేనెప్పుడూ ఒక ఉపాయం వాడతాను: "నేను ఈ ఊరుదాన్ని కాదనుకోండి, రోలు అంటే ఏమిటో నాకు తెలియదు, చెప్పండి" అంటాను. మొదట నవ్వుతారు. ఆ తర్వాత "మా అమ్మ పచ్చడి నూరేది" అని మొదలై ఎక్కడికో వెళతారు. కలలో ఒంట్లో ఏమనిపించింది, లేచాక ఏమనిపించింది, ముందురోజు ఏం జరిగింది, ఇవి అడగడం మరిచిపోకు. కల చాలాసార్లు నిన్నటి చిన్న సంగతిని పట్టుకునే వస్తుంది. చివర్లో "దీన్నిబట్టి మీకేమనిపిస్తోంది?" అని ఆమెనే అడుగు. నీకు తోచింది చెప్పక తప్పదనిపిస్తే "నాకిలా అనిపిస్తోంది, కాకపోవచ్చు కూడా" అని చెప్పి ముఖం చూడు. మాట తగిలితే ముఖంలో తెలిసిపోతుంది. మర్యాదకు "అవునండీ" అన్నవాళ్లు చాలామంది ఉంటారు, మన జిల్లాల్లో మరీనూ.

క్లారా హిల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్నే మూడు దశలుగా కూర్చింది: కలను విప్పడం, అందులోంచి ఏదో తెలుసుకోవడం, ఆ తెలిసినదాంతో బతుకులో ఏదైనా చేయడం. మూడోదాన్ని మనం ఎగ్గొడుతుంటాం. ఆ పాము కల ఆవిడ నాలుగు నెలలకు తిరిగొచ్చింది, నా అదృష్టం. ఈసారి మొక్కు గురించే మాట్లాడుకున్నాం. భర్తను తీసుకుని మోపిదేవి వెళ్లొచ్చింది. ఆ కల ఆగిందా అని నేను అడగలేదు, ఆమే బిడ్డకు పెట్టాలనుకున్న పేరు నాకు చెప్పింది.

తెల్లవారుజాము కల నిజమవుతుందని ఎవరైనా భయపడుతూ వస్తే మూఢనమ్మకం అని కొట్టిపారేయకు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను బయటపెట్టారు. కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. అది సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారుతున్నకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. అందుకే ఆ వేళ కలలు పొడుగ్గా ఉంటాయి, వెంటనే లేస్తాం గనక గుర్తుంటాయి. ఇంతమాత్రం చెబితే చాలామందికి సగం టెన్షన్ దిగిపోతుంది. మిగతా సగం గురించే వాళ్లు నీ దగ్గరికి వచ్చారు.

పీడకలల దారి వేరు, వాటి దగ్గర అర్థాల వేట అసలే వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది చూశావుగా. ఆ తర్వాత నెలల తరబడి నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక ఆటో డ్రైవర్ ఉన్నాడు. కలలో నీళ్లు ఇంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతాయి, కూతురి చెయ్యి దొరకదు, కేక పెట్టి లేస్తాడు. దీనికి గూఢార్థం ఏముంది? జరిగిందే మళ్లీ జరుగుతోంది. ఇలాంటివాటికి మెలకువలో కలను మార్చి సాధన చేసే పద్ధతి ఉంది, ఇమేజరీ రిహార్సల్ అంటారు. బారీ క్రాకోవ్ బృందం లైంగిక దాడికి గురైన మహిళల మీద దీన్ని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించింది, పీడకలలు తగ్గాయి. చేసేది ఇంతే. కల రాయించు. దాన్ని తనకిష్టమైనట్టు మార్చుకోమను. మార్చినదాన్ని రోజూ పగలు కాసేపు కళ్లు మూసుకుని మనసులో చూడమను. అన్నిటికన్నా ఘోరమైన కలతో మొదలుపెట్టకు, చిన్నదానితో చెయ్యి తిరగనీ.

మార్పు మాత్రం నువ్వు చెప్పకు. నేను పడవ వస్తుందనుకుంటే ఎలా ఉంటుందని నోరు జారాను. అతను తల అడ్డంగా ఊపాడు. వారం తర్వాత తనే చెప్పాడు: "మెట్లు ఆగలేదమ్మా. మా డాబా దాటి పైకి పోతానే ఉన్నాయి, దుర్గమ్మ కొండ మెట్లలాగా. పాప నాకంటే ముందే ఎక్కేస్తోంది." నాకు నోట మాట రాలేదు. ఆ కల పూర్తిగా పోలేదు, వానాకాలంలో ఎప్పుడైనా వస్తుందట. నిద్ర మాత్రం పడుతోంది.

కొన్ని కలలు మన పరిధిలోవి కావు. పెద్దవయసాయన నిద్రలో కలకు తగ్గట్టు కాళ్లు చేతులు విసురుతూ, పక్కనున్నవాళ్లని కొడుతున్నాడంటే కౌన్సెలింగ్ మొదలుపెట్టకు, న్యూరాలజిస్టు దగ్గరికి పంపు. తర్వాతెప్పుడో వచ్చే పార్కిన్సన్స్ అనే నరాల జబ్బుకి అది ముందు గుర్తు కావచ్చు. కొత్తగా పీడకలలు మొదలైతే ఏ మందులు వాడుతున్నారో అడుగు. ప్రొప్రనలాల్ అనే బీపీ మందు, డిప్రెషన్ మందులు కొన్ని కలల్ని రేపుతాయి. తాగుడు హఠాత్తుగా మానినా అంతే. మందు ఆపమని మాత్రం నువ్వు చెప్పకు, రాసిన డాక్టరుకి చెప్పమను.

పోయిన అమ్మో నాన్నో కలలో "రా" అని పిలుస్తున్నారని ఎవరైనా చెబితే, మన వైపు దాన్ని చావుకి సూచనగా తీసుకుంటారు. నువ్వు అలా తీసుకోకు, తేలిగ్గానూ తీసుకోకు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే ఆలోచన పుట్టదు, అడగకపోతే ఉన్నది తెలియదు. అవునంటే ఆ రోజు కల సంగతి పక్కన పెట్టు. ఇంట్లో ఎవరికి చెప్పాలో, ఏ సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలో అప్పుడే తేల్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫోన్‌లో వేయించి పంపు.

అత్తగారు బయట కూర్చుని "మా కోడలికి ఏం కలొచ్చిందటమ్మా?" అని అడుగుతుంది, ఆ రోజూ వస్తుంది నీకు. నవ్వి కాఫీ తాగారా అని అడుగు.

పళ్ల కల అమ్మాయికి ఈ వారమే మెసేజ్ పెట్టు. "ఆ రోజు నేను తొందరపడ్డాను, మీ కల మళ్లీ వినాలని ఉంది" అని రాయి, అంతకంటే ఎక్కువ రాయకు. వస్తే పొద్దున లేచేసరికి దవడలు నొప్పిగా ఉంటున్నాయా అని కూడా అడుగు. నిద్రలో పళ్లు కొరుకుతోందేమో, ముందు పళ్ల డాక్టరుకి చూపించాల్సి రావచ్చు.

ఇట్లు,
పెద్దమ్మ