పాకెట్ మనీ అయిపోతే మధ్యలో మళ్లీ ఇవ్వకండి

పదేళ్ల బాబుకు నెలకు 500 రూపాయలు ఇస్తే వారం తిరగకుండానే అయిపోతున్నాయి, బడ్జెట్ ఎలా నేర్పాలి అని అడిగారు. మా అమ్మాయికి పదకొండేళ్లు, మాకూ మొదట అలాగే అయింది. ఆ వయసుకి నెల అంటే చాలా దూరం, అందుకే వారానికి మార్చాం. ఆదివారం పొద్దున 100 రూపాయలు, అన్నీ పది రూపాయల నోట్లే ఇస్తాను. ఫోన్‌పేలో కొడితే ఎంత పోయిందో పిల్లలకు తెలియదు, నోట్లయితే పర్సు పలచబడటం కంటికి కనిపిస్తుంది.

ఆ వందలో ఏవేం కొనుక్కోవాలో ముందే తేల్చుకోండి. పెన్నులు, చిరుతిళ్లు, ఫ్రెండ్స్ పుట్టినరోజు గిఫ్టులు తనవి, బట్టలు, పుస్తకాలు, ఆటో డబ్బులు మావి. ఇది తేలకపోతే రోజూ గొడవే.

ఒక చిన్న పుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ రాయించాను. నెల రోజులు రాశాక గాని నాకు అర్థం కాలేదు, తను రాస్తున్నది అయిపోయిన ఖర్చు, అది వట్టి లెక్క, బడ్జెట్ కాదు అని. అప్పటి నుంచి ఆదివారం నోట్లు చేతికివ్వక ముందే ఈ వారం దేనికి ఎంత అని తనే రాస్తుంది, శనివారం రాత్రి ఇద్దరం కూర్చుని పక్కన అసలు ఖర్చు వేస్తాం. తేడా వచ్చినా తిట్టను. తిడితే తర్వాతి వారం పుస్తకంలో అబద్ధాలు రాస్తారు.

అన్నిటికంటే కష్టం, మధ్యలో మళ్లీ ఇవ్వకుండా ఉండటం. ఒకసారి సోమవారమే 80 పెట్టి స్టిక్కర్లు కొనేసింది, గురువారం క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజుకి తలా 30 వేసుకుందామన్నారట, ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. నాకూ మనసొప్పలేదు, మా అత్తయ్యగారైతే కొంగుముడి విప్పేశారు. "ఈ ఒక్కసారికి ఆగండి అత్తయ్యా" అని బతిమాలుకున్నాను. చివరికి తనే ఫ్రెండ్‌తో మాట్లాడి వచ్చే వారం ఇస్తానని చెప్పుకుంది. ఆ ఆదివారం పుస్తకంలో మొదటి లైను, నేను చెప్పకుండానే, "బాకీ 30" అని రాసింది.

మొన్న జనవరిలో హైదరాబాద్‌లో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్తూ 300 ఇస్తే ముందు స్టాళ్లన్నీ తిరిగి ధరలు అడిగింది, ఆ తర్వాతే పర్సు తీసింది.

పండక్కి చుట్టాలు ఇచ్చే డబ్బులు మాత్రం ఈ వందలో కలపకండి. పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు, 500 ఉంటే చాలు. మీ బాబుకి వయసు సరిపోతుంది. ఫారం కూడా వాడితోనే నింపించండి.