‘పుసతకం’ అని రాసే పిల్లాడు

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు తొమ్మిదేళ్లు. రెండో తరగతిలో ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. హోంవర్క్ పూర్తి చేయలేదని వందసార్లు ఇంపోజిషన్ ఇచ్చేవాళ్లు. చివరికి బడి మాన్పించి, ఏడాదిన్నరగా ఇంట్లో నేనే చదివిస్తున్నాను. లెక్కలు నోటితో చకచకా చేస్తాడు. రైళ్లంటే పిచ్చి. కాజీపేట దాటాక ఏ బండి బల్లార్షా వైపు పోతుందో, ఏది వరంగల్ మీదుగా విజయవాడ పోతుందో అరగంట ఆపకుండా చెబుతాడు. అదే నాలుగు లైన్లు రాయమంటే గంట పడుతుంది. పెన్సిల్ చెక్కుతాడు, నీళ్లకు లేస్తాడు, చెయ్యి నొప్పంటాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లిష్ పుస్తకం తీస్తే మాయమవుతాడు. రాసినదాంట్లో సగం తప్పులే. ‘రేపు టెన్త్ పరీక్ష నోటితో రాస్తాడా?’ అని మా ఆయన ఎగతాళి. ‘బడికి పంపకుంటే గిట్లనే అయితది’ అని అత్తయ్య. పోయిన నెల విసిగిపోయి వాడు రాసిన పేజీ చింపేశాను. అప్పటినుంచి నోట్‌బుక్ తీస్తేనే ఏడుపు. రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను. మళ్లీ స్కూల్లో వేసేయమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివేముందే మీవాడి పేజీలు చూశాను. ఎర్రపెన్నుతో మీరు చుట్టిన సున్నాల్లో నాలుగింటి గురించి ముందు మాట్లాడుకుందాం. ‘పుస్తకం’ను పుసతకం అన్నాడు. ‘గద్ద’ను గద చేశాడు. దీపం ‘దిపం’ అయింది, భోజనం ‘బోజనం’ అయింది. మీకు నాలుగూ తప్పులే. నాకు మాత్రం నాలుగూ నాలుగు వేరువేరు సంగతులు చెబుతున్నాయి.

‘పుసతకం’లో వినికిడి లోపమేమీ లేదు. పు, స, త, కం అన్నీ వరుసలోనే ఉన్నాయి. ఆ ‘త’ కిందికి దిగి ఒత్తు కావాలన్నదొక్కటే వాడికి అందలేదు. ఒకందుకు అది మన లిపి పెట్టే తిప్పలే. ద, డ ఒత్తుగా మారినా పోలిక పోదు. త, న, మ, ల, య, ర మాత్రం ఒత్తు కాగానే వేషం మార్చేస్తాయి. ‘త’ కింద వేలాడే ఆ కొక్కేన్ని చూసి ఇది ‘త’యే అని తొమ్మిదేళ్లవాడు తనంతట తాను ఊహించలేడు, ఎవరో ఒకరు చూపించాలి. మొదట ఈ ఆరు వేషగాళ్లను మాత్రమే చీటీల మీద పెద్దగా రాసి, ఒక వైపు అసలు అక్షరం, వెనక వైపు ఒత్తు ఉండేలా చేసి పేకముక్కల్లా ఆడించండి. మిగతావి వాటంతటవే వస్తాయి.

‘గద’ వేరు. అక్కడ చెవి పని చెయ్యలేదు. దకారం మీద ఆగి బలంగా పలికే ఆ బరువు వాడికి వినపడలేదు. దీనికి పెన్సిల్‌తో పని లేదు. ‘భీముడి చేతిలో ఏముంది? ఆకాశంలో ఏం తిరుగుతోంది?’ అని అడిగి, గద, గద్ద రెండూ వాడి నోటితోనే పలికించండి. గద్ద అన్నప్పుడు నాలుక పైకి తగిలి ఒక్క క్షణం ఆగడం వాడికే తెలుస్తుంది. ‘దిపం’ కూడా చెవి సంగతే, పడు, పాడు అని చేతులు దగ్గరగా, దూరంగా పెట్టి పలికిస్తే దీర్ఘం కంటికి కూడా కనిపిస్తుంది.

ఇక ‘బోజనం’. ఈ ఒక్కదానికి సున్నా చుట్టాల్సింది మనకు. మనిళ్లలో ‘భ’ను గుండెలోంచి ఊపిరి తీసి పలికేవాళ్లు ఎందరు? వాడు విన్నది విన్నట్టు రాశాడు, అంతే. ఇలాంటివి కంటితో గుర్తుపట్టాల్సిన మాటలు. భోజనం, భయం, ధనం, ఫలం, ఘనం అని వారానికి నాలుగైదు చాలు. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా బండి మీద వెళ్లేటప్పుడు బోర్డులు చదవమనండి. ఒత్తులు ఎగిరిపోయిన బోర్డులు వాడికి బోలెడు దొరుకుతాయి. ఇంత పెద్దవాళ్లూ తప్పు రాస్తారని తెలిస్తే పిల్లలకు కలిగే ఊరట నేను చాలాసార్లు చూశాను. షాపువాడికి వినపడేలా నవ్వొద్దని మాత్రం ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, రాత అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు పనులున్నాయి. ఏం చెప్పాలో ఆలోచించడం ఒకటి, చేతిని నడపడం ఒకటి, అక్షరం సరిగ్గా ఎంచుకోవడం ఒకటి. మీవాడికి మొదటిది బ్రహ్మాండంగా వచ్చు. మిగతా రెండూ బరువు. ‘రైళ్ల గురించి పది లైన్లు రాయి’ అన్నప్పుడు మూడూ ఒకేసారి నెత్తినెత్తుతున్నారు. పాపం, ఆ బరువుకు వచ్చినదాన్ని కూడా వదిలేసుకుంటున్నాడు. కాబట్టి కొన్నాళ్లు ఈ మూడింటినీ విడదీయండి. ఇంట్లో చదివించడంలో ఉన్న గొప్ప వెసులుబాటు ఇదే. నలభైమంది ఉన్న క్లాసులో టీచరమ్మకు ఇది కుదరదు, మీకు కుదురుతుంది.

చెప్పే పని వాడిది, రాసే పని మీది. వాడు రైళ్ల గురించి చెబుతుంటే మీరు కూర్చుని రాయండి. ఇక్కడ ఒక షరతు. వాడన్నదే రాయండి. ‘కృష్ణా ఎక్స్‌ప్రెస్ వచ్చింది, గార్డు జెండ ఊపిండు’ అంటే, ‘ఊపాడు’ అని సర్దకండి. మీ రెండో పేజీలో ‘పోయిండు’ అని ఉన్నచోట ‘వెళ్లాడు’ అని దిద్దారు. ఆ పిల్లాడు అత్తయ్యగారి దగ్గర, మీ దగ్గర పుట్టినప్పటినుంచి విన్న మాట అది. దానికీ ఎర్రసున్నా పడితే ఒత్తు తప్పు అని కాదు, తన మాటే తప్పు అని అనుకుంటాడు. పుస్తకాల భాష తర్వాత పక్కనే కూర్చుని నేర్చుకుంటాడు, తొందరేం లేదు. మీరు రాసింది వాడి చేతే చదివించండి. తన మాటలు కాబట్టి కూడబలుక్కునే పిల్లాడు కూడా గడగడా చదువుతాడు. అయిపోయాక అందులో వాడికి నచ్చిన ఒకే ఒక్క వాక్యం వాడి చేత్తో రాయమనండి, మీ పేజీ ఎదురుగా పెట్టి. పాతకాలం చూచిరాతే గానీ, సొంత సరుకుతో చూచిరాత.

చేతి సంగతి. నేను ఓనమాలు దిద్దే రోజుల్లో మా నాన్న కొత్త బలపాన్ని విరిచి బొటనవేలంత ముక్క ఇచ్చేవారు. పొదుపు కోసమని పెద్దయ్యేదాకా అనుకున్నాను. తర్వాత చేతి పనులు కుదిరేలా సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకరు చెబితే తెలిసింది, ముక్క చిన్నదైతే పిడికిలితో పట్టుకోలేం, మూడు వేళ్లతో పట్టుకోక తప్పదు. మీవాడి గీతలు కాగితం వెనక అచ్చు పడేంత గట్టిగా ఉన్నాయి, వేళ్లు బిగపడుతున్నాయన్నమాట. నిజంగానే చెయ్యి నొప్పి పుడుతుంది, వంక కాదు. పలక, బలపం ముక్క ఇవ్వండి. మంచం మీద బోర్లా పడుకుని కాకుండా, పాదాలు నేలకో పీటకో ఆనేలా కూర్చోబెట్టండి. చపాతీపిండి పిసకనివ్వండి, వాకిట్లో మీతోపాటు ముగ్గు వేయనివ్వండి. మగపిల్లాడు ముగ్గేమిటని అత్తయ్యగారంటే ఆవిడనే నేర్పమనండి. ఆవిడ చేతికింద కూర్చుంటే బడి మాట ఆవిడే మరిచిపోతారు. రాత రోజుకు పది నిమిషాలు. ఫోన్లో అలారం పెట్టండి, అది మోగితే మాట సగంలో ఉన్నా ఆపేయాలి, మీరూ ‘ఇంకొక్క లైను’ అనకూడదు.

అక్షరదోషాలకు వేరే పది నిమిషాలు, వేరే పూట. వాడు రాసినదాంట్లోంచే వారానికి ఐదు మాటలు ఎంచండి. మాట చూడాలి, పైకి పలకాలి, చేత్తో మూసేయాలి, రాయాలి, తీసి పోల్చుకోవాలి. పోల్చేది వాడే, మీరు కాదు. నేనూ ఇరవై ఏళ్లు బళ్లో ఎర్రపెన్ను పట్టినదాన్నే. వందసార్లు రాయించి చూశాను. పదోసారికి పిల్లలు మాట రాయడం మానేసి ముందు అన్ని ‘పు’లూ నిలువుగా రాసి, తర్వాత అన్ని ‘స’లూ దించేస్తారు. తప్పు రాస్తుంటే ఆ తప్పునే వందసార్లు సాధన చేస్తారు. ఇంపోజిషన్ వల్ల స్పెల్లింగ్ వచ్చిన పిల్లాణ్ణి నేను చూడలేదు.

ఇంగ్లిష్ దగ్గరికొస్తే, ‘సెడ్’ అనే మాటకు ఎస్-ఇ-డి అని రాశాడు. తెలుగు లెక్కన అది నూటికి నూరు మార్కుల జవాబు. పలికినట్టు రాసే భాషలో పెరిగిన పిల్లాడికి, మధ్యలో ఎ, ఐ ఎందుకు వచ్చాయో వింటే తెలియదు. ‘ఇదో తిక్కమాట’ అని ఒప్పేసుకుని, తిక్కమాటల డబ్బా ఒకటి పెట్టండి. సెడ్, బికాజ్, ఫ్రెండ్ లాంటివి అందులో వేయండి. తెలుగు, ఇంగ్లిష్ రాత రెండూ ఒకే పూట వద్దు. తెలుగు కుదుటపడేదాకా ఇంగ్లిష్‌ను వినడానికి, మాట్లాడటానికి, మీరు చదివి వినిపించడానికి పరిమితం చేయండి. అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీల్లో మనవాళ్ల పిల్లలు గెలిచారని ఫ్యామిలీ గ్రూపులో వీడియోలు వస్తుంటాయి కదా. 2019లో ఎనిమిదిమంది కలిసి గెలిస్తే ఏడుగురు భారతీయ మూలాలవాళ్లే. ఆ పిల్లలకు అది క్రికెట్ లాంటి ఆట, ఇష్టంతో ఏళ్ల తరబడి సాధన చేస్తారు. మీవాడి మైదానం కాజీపేట ప్లాట్‌ఫారం, పోలిక పెట్టకండి.

ఫోన్లో మాట్లాడితే తెలుగులో టైపయ్యే సదుపాయం వాడుకోవచ్చా అని రెండో పేజీ అంచున అడిగారు. వాడుకోండి, దొంగతనమేం కాదు. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే కీబోర్డు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి, ఉన్న గందరగోళానికి ఇంకోటి తోడవుతుంది.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట. ఏడాదిన్నర మీరు పక్కనే కూర్చున్నా చదవడం ఇంకా కూడబలుక్కోవడంగానే ఉంది, రాత ఇంత బరువుగా ఉంది. మాట, లెక్క మాత్రం వయసుకు మించి ఉన్నాయి. ఇలాంటి తేడా ఉన్నప్పుడు పరీక్ష చేయించాలి. ముందు కళ్లు, చెవులు చూపించండి. తర్వాత పిల్లల అభ్యసన సమస్యలు చూసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) అని గానీ, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) అని గానీ తేలవచ్చు, ఏదీ కాదని తేలవచ్చు. చూడకుండా నేను పేరు పెట్టను, మీరూ ఇంటర్నెట్ చూసి పెట్టకండి. ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి, అభ్యసన లోపం ఉందని తేలితే సర్టిఫికెట్ ఇచ్చే వయసు వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అభ్యసన లోపాలను కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తారు. ‘టెన్త్ నోటితో రాస్తాడా’ అన్న మీ వారికి ఇది చెప్పండి, కొంతవరకు నోటితోనే రాయొచ్చు!

ఆయన భయం ఎగతాళిలా బయటికొస్తోంది గానీ, భయం నిజమే. దానికి జవాబూ ఉంది. బడికి పోని పిల్లలు 14 ఏళ్లు నిండాక ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయొచ్చు, తెలుగు మీడియంలో కూడా. తెలంగాణ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. అంటే చేతిలో ఐదేళ్లున్నాయి. ఆయన్ను పాఠం చెప్పమనకండి, ఆయనకు ఓపిక లేదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆదివారం పూట కొడుకు చెప్పేది రాసిపెట్టే గుమాస్తా ఉద్యోగం ఇవ్వండి. ఆ అరగంట రైళ్ల ముచ్చట ఆయన ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా విన్నారా? నాకు అనుమానమే.

స్కూల్ సంగతి ఇప్పుడు తేల్చకండి. రాత రాలేదని బడికి పంపితే, అదే రాతతో మళ్లీ అదే ఇంపోజిషన్ దగ్గరికి పంపినట్టు. పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక, చేతిరాతకు వెసులుబాటు ఇచ్చే బడి ఏదైనా దగ్గర్లో కనిపిస్తే, అప్పుడు వాడినీ కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మీరు అలసిపోయి బడిలో వేసినా అది ఓటమేం కాదు. పొద్దున్నించి రాత్రిదాకా అమ్మగా, టీచరుగా రెండు డ్యూటీలు చేస్తున్నారు. మీకూ రోజులో ఒక గంట సెలవు కావాలి, అది ఎవరిస్తారో ఇంట్లో అడిగి తీసుకోండి.

చింపిన పేజీ గురించి. దాని మీద పెద్ద సంజాయిషీ వద్దు, ఏడవడం అసలే వద్దు, మళ్లీ మిమ్మల్ని ఓదార్చే పని వాడి మీద పడుతుంది. ‘ఆ రోజు నీ పేజీ చింపడం నా తప్పు, మళ్లీ చింపను’ అని అన్నం పెడుతూ చెప్పేయండి. వాడేమీ అనకపోవచ్చు. రెండు వారాలు ఆ నోట్‌బుక్ పైన అటకెక్కించండి, కొత్తగా పలకతోనే మొదలుపెట్టండి.

ఆ తర్వాత పోస్టాఫీసుకు వాణ్ణి వెంటబెట్టుకెళ్లి అర్ధరూపాయి పోస్టుకార్డులు ఓ పది కొనండి. ఊళ్లో ఉండే అమ్మమ్మకు రాయడానికి. కార్డులో నాలుగు లైన్లకే చోటు అయిపోతుంది, అదే దాని గొప్పతనం. ‘అమ్మమ్మా, రేపు నేను కాజీపేట పోతున్న’ అని పుసతకం భాషలోనే రాసినా దిద్దకుండా డబ్బాలో వేయనివ్వండి. ఆవిడ ఎవరితోనో చదివించుకుని ఫోన్ చేస్తుంది. అడ్రసు, పిన్‌కోడ్ మాత్రం మొదటి కార్డు మీద మీరే రాయండి. అది అందకపోతే రెండోది రాయించడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.